బరువు మిషన్ మీద అంకె కదలట్లేదు, ప్యాంటు మాత్రం జారుతోంది. దేన్ని నమ్మాలి?

రెండోరౌండు

నమస్తే అందరికీ. ఇక్కడ చదవడమే తప్ప రాయడం కొత్త. తిండి తగ్గించి, వారానికి నాలుగు రోజులు బరువులెత్తే వ్యాయామం మొదలుపెట్టి నెల దాటింది. మొదటి వారంలోనే 71 నుంచి 69 కిలోలకు వచ్చేసరికి తెగ సంబరపడిపోయాను. అప్పట్నుంచి ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. 69, 69.4, 68.9, మళ్ళీ 69.5. ఒకరోజు ఏకంగా 70 చూపించింది, ఆ రోజంతా మూడ్ పాడు.

విచిత్రం ఏంటంటే ఆఫీసు ప్యాంటు నడుం దగ్గర బాగా వదులైంది, బెల్టు లేకుండా నిలవట్లేదు. "ఆ మిషన్ అటక మీద పడేసి టేపు కొనుక్కో అక్కా" అంటుంది మా చెల్లి. సరే అని కొన్నాను. పొద్దున కొలిస్తే నడుం 86 సెంటీమీటర్లు. అదే రోజు రాత్రి పడుకోబోయే ముందు 89! ఒక్క పూటలో మూడు సెంటీమీటర్లు లావెక్కుతారా ఎవరైనా? దీనికంటే మిషనే నయం అనిపించింది.

తెలిసినవాళ్ళు చెప్పండి. బరువు చూడటం మానేసి కొలతలు మాత్రమే చూసుకోవచ్చా? ఎక్కడెక్కడ కొలవాలి, ఎన్నాళ్ళకోసారి?

ఇనుపచేయి

ముందు ఆ మొదటి వారం రెండు కిలోల సంగతి చెప్తా, మిగతాది దానంతటదే అర్థమవుతుంది. అందులో కొవ్వు తక్కువ, నీళ్ళు ఎక్కువ. మన కండరాల్లో, కాలేయంలో కలిపి దాదాపు అర కిలో గ్లైకోజెన్, అంటే ఒంట్లో దాచుకున్న చక్కెర నిల్వ, ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. తిండి తగ్గగానే ఆ నిల్వలో కొంత ఖర్చవుతుంది, దానితోపాటు నీళ్ళూ పోతాయి. అందుకే డైట్ మొదలుపెట్టిన ప్రతివాడూ మొదటి వారం హీరోనే.

దీనికితోడు మీరు కొత్తగా బరువులు ఎత్తడం మొదలుపెట్టారు. అలవాటు లేని కండరాలు దెబ్బతిని బాగుపడే క్రమంలో నీరు పట్టి ఉంచుకుంటాయి. ఒకవైపు కొవ్వు కరుగుతోంది, ఇంకోవైపు నీరు చేరుతోంది. మిషన్‌కి రెండూ కలిపి ఒకటే అంకె. మీ ప్యాంటు చెప్పేదే నిజం. జిమ్‌కి వెళ్ళేవాళ్ళు బలం కోసం తాగే క్రియాటిన్ పొడి లాంటిది ఏమైనా వాడుతున్నారా? అది మొదలుపెట్టినా ఒకటి రెండు కిలోల నీరు పెరుగుతుంది, కంగారు పడొద్దు.

సందేహాలరావు

అంటే కండ పెరిగింది, కండ కొవ్వుకంటే బరువు, అందుకే మిషన్ కదలలేదు అంటారు. జిమ్‌లో అందరూ చెప్పే మాటే ఇది. బరువు తగ్గనివాళ్ళని ఓదార్చడానికి పుట్టించారని నా గట్టి అనుమానం. కిలో కండైనా కిలో కొవ్వైనా కిలోనే కదా సార్?

ఇనుపచేయి

నేను కండ పెరిగింది అనలేదు రావుగారూ, నీరు అన్నాను. ఇంకోసారి చదవండి.

అంకెలపిచ్చి

రావుగారి అనుమానంలో సగం న్యాయం ఉంది. లెక్క వేసి చూద్దాం.

లీటరు కొవ్వు సుమారు 900 గ్రాములు తూగుతుంది, లీటరు కండ సుమారు 1,060 గ్రాములు. అంటే కిలో కొవ్వు 1.1 లీటర్ల చోటు తీసుకుంటే, కిలో కండ 0.94 లీటర్లు తీసుకుంటుంది. అందరూ ఊహించుకునేంత పెద్ద తేడా ఏం కాదు. రెండు కిలోల కొవ్వు పోయి సరిగ్గా రెండు కిలోల కండ వచ్చిందనుకున్నా, ఒంటి మొత్తం పరిమాణంలో తగ్గేది పావు లీటరు పైచిలుకు, అంతే. దానికే బెల్టు లేకుండా ప్యాంటు జారిపోదు.

అసలు విషయం ఎక్కడ తగ్గింది, ఎక్కడ చేరింది అన్నది. కొవ్వు పోయింది పొట్ట దగ్గర. నీరు, కాస్తో కూస్తో కండ చేరింది తొడల్లో, వీపులో, భుజాల్లో. నడుం చుట్టూ టేపు పెడితే పోయింది కనిపిస్తుంది. మిషన్ ఒళ్ళంతా ఒకే మూటగా తూస్తుంది కాబట్టి ఆ రెండూ కొట్టేసుకుపోతాయి. ఇంకో మాట, తిండి తగ్గించుకుని ఉన్న మనిషికి నెలలో రెండు కిలోల కండ రావడం దాదాపు జరగని పని. అందుకే "కండ పెరిగిందిలే" అని సర్దిచెప్పేవాళ్ళని నేనూ నమ్మను.

అలాగని మిషన్ అటకెక్కించమనే సలహాకు మాత్రం నేను పూర్తిగా వ్యతిరేకం. అమెరికాలో 1994లో మొదలైన నేషనల్ వెయిట్ కంట్రోల్ రిజిస్ట్రీ ఒకటుంది. బాగా బరువు తగ్గి, తగ్గిన బరువును ఏడాదికి పైగా నిలబెట్టుకున్నవాళ్ళే అందులో సభ్యులు. వాళ్ళలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది వారానికి ఒకసారైనా బరువు చూసుకునేవాళ్ళే. చూసుకోవడం వల్లే నిలబడిందని దాంతో రుజువైపోదు, కానీ పక్కన పడేయాల్సిన వస్తువైతే కాదని అర్థమవుతుంది.

నేను చేసేది ఇది. రోజూ పొద్దున బరువు రాస్తా, కానీ రోజువారీ అంకెకు విలువ ఇవ్వను. ఏడు రోజుల సగటు తీసి, దాన్ని వెనకటి వారం సగటుతో పోలుస్తా. మీ 70 లాంటివి ఆ సగటులో కలిసిపోతాయి.

సూదీదారం

నేను డాక్టర్ని కాను, జిమ్ముకూ పోను. ఊహ తెలిసినప్పటి నుంచి మెడలో టేపు వేసుకుని బతుకుతున్నవాణ్ణి. టేపు గురించి నాలుగు మాటలు చెప్తాను తల్లీ, ఏమనుకోకు.

మా దగ్గర టేపు పొట్ట దగ్గరకు రాగానే మగాళ్ళైనా ఆడవాళ్ళైనా చేసే మొదటి పని ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాగడం. కావాలని చేయరు, చెయ్యి తగలగానే అలా అయిపోతుందంతే. ఆ కొలతకు కుడితే ప్యాంటు రెండు రోజుల్లో వెనక్కి వస్తుంది. అందుకే టేపు వేసి ఉంచి ఏదో ఒకటి అడుగుతాను. పిల్లలేం చదువుతున్నారనో, గుడ్డ ఎప్పుడు కొన్నారనో. సమాధానం చెప్తూ చెప్తూ మనిషి ఊపిరి వదిలేస్తాడు, పొట్ట తన చోటుకు తను వస్తుంది. అప్పుడు చూస్తాను అంకె. ఇంట్లో ఒక్కరే కొలుచుకునేటప్పుడు కూడా అంతే. మామూలుగా ఊపిరి వదిలాక, పీల్చకముందు చూడాలి.

టేపు ముందు సరిగ్గానే ఉంటుంది, వీపు వెనకాల కిందికి జారుతుంది. మనకు కనపడదు. అద్దానికి పక్కకు తిరిగి నిలబడి, చుట్టూ నేలకు సమానంగా ఉందో లేదో చూసుకోవాలి. వెనక రెండు వేళ్ళు జారినా లెక్క మారిపోతుంది. ఒంటికి ఆనాలి కానీ చర్మంలో దిగకూడదు. బట్ట మీద కాకుండా ఒంటి మీదే కొలవాలి.

ఒకసారి కొలిచి వదలొద్దు. టేపు పూర్తిగా తీసేసి మళ్ళీ వెయ్యి. రెండు సార్లూ దగ్గర దగ్గరగా వస్తే మధ్య అంకె రాసుకో. ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే మళ్ళీ మొదటి నుంచి కొలువు.

రెండోరౌండు

చాలా థ్యాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. మీరు నడుం అన్నప్పుడు సరిగ్గా ఎక్కడ? నేను బొడ్డు మీదుగా పెడుతున్నాను. యూట్యూబ్‌లో ఒకరు బొడ్డు అంటారు, ఒకరు అన్నిటికంటే సన్నగా ఉన్న చోటు అంటారు. సన్నగా ఉన్న చోటు నాకు వెతికినా దొరకలేదు, అది వేరే కథ.

సూదీదారం

మాకు నడుం అంటే ప్యాంటు ఎక్కడ కట్టుకుంటారో అదే. ఒక్కొక్కరిది ఒక్కో చోటు. ఒళ్ళు తగ్గింది లేనిది చూసుకోడానికి అది పనికిరాదు. దీనికి డ్యూటీ మేడమ్ గారు చెప్తే బాగుంటుంది.

రాత్రిడ్యూటీ

పిలిచారు కాబట్టి వచ్చాను. ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పద్ధతి ఇది. పక్క నుంచి చేత్తో తడిమితే చివరి పక్కటెముక కింది అంచు తగులుతుంది. అక్కడ నుంచి కిందికి వస్తే తుంటి ఎముక పై అంచు తగులుతుంది. ఆ రెండిటికీ సరిగ్గా మధ్యలో టేపు పెట్టాలి. పాదాలు దగ్గరగా, చేతులు వదులుగా ఉండాలి. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పద్ధతిలో అయితే తుంటి ఎముక పై అంచు మీదే పెడతారు. ఒకే మనిషికి ఈ రెండు చోట్లా వేర్వేరు అంకెలు రావచ్చు. కాబట్టి ఒక పద్ధతి ఎంచుకుని దానిమీదే ఉండండి. బొడ్డు గుర్తుపట్టడం తేలికే, కానీ పొట్ట ఎక్కువగా ఉన్నవాళ్ళకు అది కిందికి జారి ఉంటుంది. ఒళ్ళు తగ్గేకొద్దీ బొడ్డే కాస్త చోటు మారుతుంది. ఎముకలు మారవు.

పిరుదుల కొలత అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోట తీసుకోవాలి.

పొద్దున 86, రాత్రి 89 అన్నారు కదా. అది కొవ్వు కాదు. రోజంతా తిన్నది, తాగింది, పేగుల్లో గ్యాసు, అంతా కలిపి. పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినకముందు కొలవండి. బరువైనా అంతే.

ఇక నడుం కొలతకు డాక్టర్లు ఎందుకు అంత విలువ ఇస్తారంటే, చర్మం కింద ఉండే కొవ్వు వేరు, పొట్ట లోపల అవయవాల చుట్టూ పేరుకునే కొవ్వు వేరు. షుగరుకీ గుండె జబ్బుకీ ఎక్కువ దగ్గర చుట్టం రెండోది. దాన్ని బరువు మిషన్ విడిగా చూపించలేదు. టేపు కూడా నేరుగా చూపించదు కానీ దగ్గరి అంచనా ఇస్తుంది. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దక్షిణాసియా వాళ్ళకు పెట్టిన హద్దు మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు. యూరప్ మూలాలవాళ్ళకు పెట్టిన హద్దుకంటే మగవాళ్ళ విషయంలో ఇది తక్కువ. ఇంకా తేలిక లెక్క కావాలంటే, నడుం మీ ఎత్తులో సగానికి లోపు ఉండాలి. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాల్లో కూడా 2022 నుంచి ఈ మాట ఉంది.

రెండోరౌండు

నా ఎత్తు 158. సగం 79. అబ్బో, ఇంకా చాలా దూరం ఉంది.

రాత్రిడ్యూటీ

దూరమే, కానీ ఒకేసారి చేరాల్సిన పని లేదు. నడుం ఎంత తగ్గినా ఆ మేరకు లాభమే.

వానచినుకు

ఇక్కడ ఎక్కువమంది మగాళ్ళు ఉన్నట్టున్నారు, ఈ మాట ఎవరూ ఎత్తలేదు. అక్కా, నెలసరికి ముందు వారం మీరు బరువు చూసినా దండగే, నడుం కొలిచినా దండగే. నీరు పట్టి చాలామందికి కిలో దాకా పెరుగుతుంది, కొందరికి రెండు కిలోలు కూడా. పొట్ట ఉబ్బరం వేరే. టేపు దగ్గర కూడా అదే మోసం జరుగుతుంది, మిషన్‌ని ఒక్కదాన్నే తిట్టి లాభం లేదు.

నేనైతే పోయిన నెల ఏ వారంలో కొలిచానో ఈ నెల కూడా అదే వారంలో కొలుస్తాను. నెలసరి అయిపోయిన రెండు మూడు రోజులకు. ఆ అంకెను వెనకటి నెల అంకెతోనే పోలుస్తాను, మొన్నటి వారం అంకెతో కాదు. అంకెలపిచ్చి గారూ, మీ ఏడు రోజుల సగటు మాకు కుదరదు. మాకు ఒక నెల మొత్తం ఒక యూనిట్.

అంకెలపిచ్చి

ఒప్పుకుంటున్నాను. ఈ కోణం నా గ్రాఫులో ఎప్పుడూ రాలేదు. అయితే 28 రోజుల సగటు వేయండి, పని అవుతుంది.

వానచినుకు

మీరు మారరు :)

సందేహాలరావు

మా ఇంట్లో కొత్త మిషన్ వచ్చింది. కాళ్ళు పెట్టగానే బరువుతోపాటు కొవ్వు శాతం, కండ శాతం, ఎముక, నీరు, "శరీర వయసు" అన్నీ ఫోన్‌లో వచ్చేస్తాయి. ఇది ఉండగా ఈ టేపు గోల ఎందుకు? నిన్న 27 శాతం కొవ్వు అంది, ఇవాళ 24 అంది. ఒక్క రాత్రిలో మూడు శాతం కరిగిందని మా ఆవిడ పార్టీ అడుగుతోంది.

ఇనుపచేయి

పార్టీ వాయిదా వేయండి సార్. ఆ మిషన్ కొవ్వును చూడదు. అరికాళ్ళ కింద ఉన్న లోహపు పట్టీల నుంచి సన్నని కరెంటు ఒక కాలు ఎక్కించి ఇంకో కాలు దింపుతుంది. నీరు ఎక్కువగా ఉన్న కండలో కరెంటు సులువుగా పోతుంది, కొవ్వులో కష్టంగా. ఎంత అడ్డు వచ్చిందో చూసి, మీ ఎత్తు, వయసు, బరువు కలిపి ఒక ఫార్ములాలో వేస్తుంది. కాళ్ళతో మాత్రమే నిలబడే మిషన్లలో ఆ కరెంటు నడుం పైకి పెద్దగా వెళ్ళదు కూడా, మీ పొట్ట సంగతి అది ఊహించి చెప్తుంది. నీళ్ళు ఎక్కువ తాగినా, తక్కువ తాగినా, పాదాలు తడిగా ఉన్నా అంకె మారిపోతుంది.

కొవ్వు శాతం తెలుసుకోవాలని మరీ సరదాగా ఉంటే టేపుతోనే అంచనా వేయొచ్చు. అమెరికా నేవీ పద్ధతి అంటారు, 1984లో వచ్చింది. మగవాళ్ళకు మెడ, బొడ్డు దగ్గర పొట్ట, ఎత్తు. ఆడవాళ్ళకు మెడ, సన్నని నడుం, పిరుదులు, ఎత్తు. నెట్‌లో కాలిక్యులేటర్లు ఉన్నాయి. అది కూడా మూడు నాలుగు శాతం అటూ ఇటూ పోతుంది. కాబట్టి వచ్చిన అంకెను మెడలో వేసుకుని తిరగొద్దు, పెరుగుతోందా తగ్గుతోందా అన్నంత వరకే.

అంకెలపిచ్చి

బీఎంఐ మాట ఎవరో ఒకరు ఎత్తేలోపే చెప్పేస్తా. బరువును ఎత్తు వర్గంతో భాగించే ఆ లెక్క 19వ శతాబ్దంలో క్వెట్లే అనే బెల్జియం గణిత శాస్త్రవేత్తది. జనాభా మొత్తం మీద సగటు మనిషి ఎలా ఉంటాడో చూడాలని వేసిన లెక్క. దానికి బీఎంఐ అనే పేరు 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త పెట్టాడు. ఒక మనిషి నడుం చుట్టూ ఏముందో దానికి తెలియదు.

ఇక టేపు అభిమానులకు ఒక హెచ్చరిక. ఎంత జాగ్రత్తగా కొలిచినా సెంటీమీటరు అటూ ఇటూ అవుతుంది. మోటు లెక్క ప్రకారం కిలో బరువు తగ్గితే నడుం దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది. వారానికి అర కిలో తగ్గే మనిషి వారం వారం నడుం కొలిస్తే, వచ్చే మార్పు అర సెంటీమీటరు, కొలతలో తప్పు ఒక సెంటీమీటరు. ఏం తెలుస్తుంది దాంట్లో? రోజూ కొలవడం అయితే పిచ్చే. రెండు వారాలకు తక్కువ కాకుండా, వీలైతే నెలకు ఒకసారి కొలవండి. అంగుళాల టేపు మీద పావు, అర అని సర్దుకుపోతాం, మిల్లీమీటర్ల వైపు చూడండి.

సూదీదారం

అంగుళాలను ఏమైనా అంటే ఊరుకోను బాబూ. పావంగుళం అంటే ఆరు మిల్లీమీటర్ల పైమాటే. కుట్టుపనికి చాలు. ఒళ్ళు కొలవడానికి నువ్వన్నదే కరెక్టేమో.

నిశ్శబ్దపాఠకి

ఎప్పుడూ రాయను, ఈసారి రాయాలనిపించింది. బరువు చూసుకోవడం టెన్షన్ అయిపోయి మా అమ్మాయి మిషన్ మానేసి టేపుకు మారింది. మొదట బాగానే ఉంది. తర్వాత రోజుకు నాలుగైదు సార్లు, తిన్న ప్రతిసారీ తొడ, మణికట్టు కొలవడం మొదలైంది. టేపు దాచేస్తే చేతివేళ్ళతో చుట్టి చూసుకునేది. డాక్టరు దగ్గరకు, తర్వాత కౌన్సెలింగ్‌కు తీసుకెళ్ళాం, ఇప్పుడు చాలా నయం.

అంకె చూడగానే తిండి మానేయాలనిపించే స్వభావం ఉన్నవాళ్ళకు టేపు కూడా మిషనే. అలాంటివాళ్ళకు "బరువు వదిలేసి కొలతలు చూసుకో" అని తేలిగ్గా సలహా ఇవ్వకండి. బట్టలు ఎలా పడుతున్నాయి, మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందా, నిద్ర ఎలా ఉంది, వీటితో సరిపెట్టుకోవడం మేలు.

రాత్రిడ్యూటీ

రాసినందుకు థ్యాంక్స్ అమ్మా. ఈ మాట ముందే రావాల్సింది.

దీనికి రెండో వైపు కూడా చెప్తాను. కొందరికి బరువు మిషన్ డైట్ కోసం కాదు, మందులాంటిది. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళను రోజూ బరువు చూసుకోమని డాక్టర్లే చెప్తారు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి వల్ల కాదు, ఒంట్లో నీరు చేరుతోందని అర్థం, వెంటనే ఫోన్ చేయాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకూ అలాగే. ఇక్కడ చదివి వాళ్ళెవరూ మిషన్ మానేయకండి. అలాగే చేతులూ కాళ్ళూ సన్నబడుతూ పొట్ట ఒక్కటే పెరుగుతుంటే, చీలమండలు వాచి వేలితో నొక్కితే గుంట పడుతుంటే, అది డైట్ ప్రశ్న కాదు. డాక్టరుకు చూపించాలి.

మోడరేటర్

ఒక మాట. ఎవరూ ఇక్కడ తమ ఫొటోలు పెట్టొద్దు, ఇతరుల కొలతల మీద జోకులు వేయొద్దు. రెండు పోస్టులు తీసేశాను. కొనసాగించండి.

రెండోరౌండు

ఇన్నాళ్ళకు మళ్ళీ వచ్చాను, నెలన్నర పైనే అయింది. వానచినుకు చెప్పినట్టు నెలసరి అయ్యాక, డ్యూటీ మేడమ్ చెప్పిన చోట, సూదీదారం గారు చెప్పినట్టు ఊపిరి వదిలి కొలిచాను. పాత 86 బొడ్డు దగ్గరిది కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేశాను. కొత్త చోట మొదటి కొలత 84, ఇప్పుడు 81.5. పిరుదులు 104 నుంచి 102.5. తొడ అలాగే ఉంది. పై చెయ్యి మాత్రం అర సెంటీమీటరు పెరిగింది! బరువు సగటు 69.2 నుంచి 68.3.

అంటే కిలో కూడా తగ్గలేదు, నడుం రెండున్నర తగ్గింది. చెయ్యి పెరగడం ఏంటి, కొవ్వా?

ఇనుపచేయి

నడుం తగ్గి, తొడ నిలబడి, చెయ్యి కాస్త పెరిగింది. బరువులు ఎత్తేవాళ్ళు డబ్బు పెట్టి కొనుక్కోవాలనుకునే ఫలితం ఇది. అర సెంటీమీటరు కొలతలో తప్పు కూడా కావచ్చు, వచ్చేసారి చూడండి. జిమ్‌లో ఎత్తే బరువులు పెరుగుతున్నాయా? పెరుగుతుంటే అది కొవ్వు కాకపోవచ్చు.

రెండోరౌండు

పెరుగుతున్నాయి. మొదట్లో ఖాళీ రాడ్ ఎత్తడానికే ఆయాసపడేదాన్ని.

గాలిపటం

నాది మీకు పూర్తిగా రివర్స్ కేసు. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గాను, అందరూ మెచ్చుకుంటున్నారు. ఈ థ్రెడ్ చూసి కొలిస్తే నడుం ఒక్క సెంటీమీటరు తగ్గింది. భుజాలు, తొడలు మాత్రం బాగా సన్నబడ్డాయి. మొహం పీక్కుపోయింది. వ్యాయామం ఏమీ చేయట్లేదు, తిండి సగానికి సగం తగ్గించాను. ఇది మంచిదేనా?

అంకెలపిచ్చి

మిషన్ మాత్రమే చూసేవాళ్ళకు ఎప్పటికీ కనపడని కేసు ఇది. నా మాటలు నేనే వెనక్కి తీసుకోవాల్సి వచ్చేలా ఉంది.

ఇనుపచేయి

గాలిపటం గారూ, బరువు తగ్గినప్పుడు అందరికీ కొంత కండ కూడా పోతుంది. మామూలుగా తగ్గినదాంట్లో పావు వంతు దాకా కొవ్వు కానిది ఉంటుందని అంచనా. తిండి ఒక్కసారిగా కోసేసి, ఒంటికి పని చెప్పకపోతే ఆ వాటా పెరుగుతుంది. భుజాలు, తొడలు సన్నబడి నడుం అలాగే ఉందంటే మీకు అదే జరుగుతోందేమో చూసుకోవాలి. తిండి మరీ సగం కాకుండా కాస్త పెంచండి. కిలో శరీర బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా ప్రొటీన్ అందేలా చూసుకోండి, కిడ్నీ సమస్య ఉంటే మాత్రం డాక్టరును అడిగాకే. వారానికి రెండు మూడు రోజులైనా బరువులు ఎత్తడం మొదలుపెట్టండి. బరువు తగ్గే వేగం సగానికి పడిపోతుంది. పడనివ్వండి.

రాత్రిడ్యూటీ

దానికి ముందు ఒకసారి రక్తపరీక్షలు చేయించుకోండి. థైరాయిడ్, షుగర్. ఆరు కిలోలు తిండి తగ్గించడం వల్లే తగ్గారా, ఇంకేమైనా ఉందా అని తెలియాలి.

గాలిపటం

ఈ వారంలోనే చేయిస్తాను మేడమ్. రిపోర్టు వచ్చాక ఇక్కడే రాస్తాను.

ఇంకో చిన్న డౌటు. కుడి తొడకూ ఎడమ తొడకూ ఒక సెంటీమీటరు తేడా వస్తోంది. టేపు పాడైపోయిందా?

సూదీదారం

టేపు పాడైందో లేదో తెలుసుకోవడం తేలికే. స్టీలు స్కేలు పక్కన పరిచి చూడండి. గుడ్డ టేపులు వాడగా వాడగా సాగుతాయి, ఫైబర్‌వి అంతగా సాగవు. చివరి లోహపు ముక్క ఊడిపోతే పది దగ్గర మొదలుపెట్టి, వచ్చినదాంట్లోంచి పది తీసేయండి.

తొడల తేడా మాత్రం టేపుది కాదు. రెండు కాళ్ళూ అచ్చం ఒకేలా ఉన్న మనిషి నా దుకాణానికి ఇంతవరకు రాలేదు. బరువు రెండు కాళ్ళ మీదా సమానంగా వేసి నిలబడి, ఎప్పుడూ కుడిదే కొలవండి. పుస్తకంలో 'కుడి' అని రాసి పెట్టుకోండి, మోకాలి చిప్పకు ఎంత పైన కొలిచారో కూడా.